సైనికుని యిల్లాలు – చట్టజ్ఞానము

సైనికుని గూర్చి పాటలు కలవు, కథలు కలవు, సభలలో చప్పట్లును కలవు. సైనికుని యిల్లాలిని గూర్చి మనము తలచునది మిక్కిలి తక్కువ. తలచినను ఆమె విరహమునే తలతుము గాని, ఆమె పెట్టెలోనున్న కాగితములను తలపము. భర్త మంచుకొండలమీద కావలి కాయుచుండగా ఇంటికడ ఆమె కాయవలసిన కావలి మఱియొకటి కలదు. పొలము పట్టా, కోర్టు సమను, పింఛను ఉత్తరువు, బ్యాంకు పుస్తకము, పిల్లల జనన ధ్రువపత్రము – ఇవి యన్నియు ఆమె కావలిలోనివే. ఆమెకు తోడు నిలువగల చట్టములు మన దేశమున చాలకాలమునుండి కలవు. వానిని తెలిసి చెప్పగల మనిషి దగ్గఱ లేకపోవుటయే లోపము. ఆ మనిషి మనలోని యొక యిల్లాలే కావచ్చుననియు, అందులకు వలసిన విద్య యిప్పుడు ఇంటికే వచ్చుచున్నదనియు చెప్పుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యూరు కరీంనగరమునకు కొన్ని కోసుల దూరమున నున్నది. మావారు సైన్యమున 24 సంవత్సరములు పనిచేసి హవల్దారుగా విశ్రాంతి పుచ్చుకొనిరి. ఆ కాలమంతటిలో మేమిరువురము ఒకచోట కాపురమున్నది నాలుగేండ్లకు మించదు. మా ప్రాంతపు స్త్రీలకు మగడు దూరమున నుండుట క్రొత్త కాదు. సిరిసిల్ల వైపునుండి భివండికిని, జగిత్యాల వైపునుండి దుబాయికిని పోయినవా రెందఱో కలరు. అయినను అట్టివాడు ఆపద వచ్చినపుడు అప్పుచేసియైనను టికెట్టు కొని రావచ్చును. సైనికుని సెలవు సైనికుని చేతిలో లేదు. 1998లో మా పెద్దపిల్ల పుట్టిన వార్త వారికి ఉత్తరముద్వారా 11వ దినమున చేరినది. నేడు చేతిఫోనున ముఖము చూచుచు మాటలాడుకొనవచ్చును. కాని కోర్టువారి గడువు, భార్యాభర్తలు ఫోనున మాటలాడుకొన్నంతమాత్రమున ఆగదు గదా!

పేదఱికము చేతగాని, మఱి యే యశక్తత చేతగాని ఎవరికిని న్యాయము దూరము కారాదని మన రాజ్యాంగమున 39-ఏ అధికరణము 1976లో 42వ సవరణద్వారా చేర్చబడినది. దాని ననుసరించి 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టపు 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయని అడుగకయే, ఉచితముగా వకీలును ఏర్పఱుపవలెను. ప్రతి జిల్లాలోను ఇందులకై జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. జిల్లా ప్రధాన న్యాయమూర్తిగారే దాని అధ్యక్షులు. ఈ సంగతి నాకు పెండ్లియైన నాడు తెలియదు. మా యూరిలో నూటికి తొంబదిమంది స్త్రీలకు నేటికిని తెలియదని నా అనుభవము.

ఉన్న సాయము ఇంటి గడపవఱకు చేరుటలేదని గుర్తించియే, జాతీయ న్యాయసేవాధికార సంస్థవారు 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకమును ఏర్పఱచిరి. ఉపాధ్యాయినులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళాసంఘముల సభ్యురాండ్రు, విశ్రాంత ఉద్యోగులు మున్నగువారినుండి కొందఱిని ఎన్నుకొని, శిక్షణ యిచ్చి, గుర్తింపుపత్రము నొసంగుదురు. పారా లీగల్ వాలంటీరు వకీలు కాదు. ఆమె కోర్టులో వాదింపరాదు. సాయము కోరివచ్చినవారియొద్ద పైకము పుచ్చుకొనరాదు. రోగికిని వైద్యునికిని నడుమ నర్సు ఎట్టిదో, బాధితురాలికిని న్యాయస్థానమునకును నడుమ ఈమె అట్టిది. కాగితము చదివి చెప్పును. అర్జీ వ్రాసి పెట్టును. ఏ గదికి పోవలెనో చూపును. అవసరమైనచో వెంట నడచును. నేనట్టి దానను.

ఈ శిక్షణలు తొలుత జిల్లా కేంద్రములలోనే జరుగుచుండెను. బస్సులో పోయి, దినమంతయు కూర్చుండి, సాయంకాలమునకు ఇల్లు చేరుట పిల్లలుగల స్త్రీకి ఎంత కష్టమో చదువరులకు వేఱుగ చెప్పనేల? 2020లో కరోనా వ్యాధి వ్యాపించి సభలు నిలిచిపోయిన పిమ్మట పాఠములు ఫోను తెరమీదికి వచ్చినవి. వ్యాధి తగ్గినను ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. నేను వినిన పాఠములలో సగమునకు పైగా వంటయింటిలో, బియ్యపు డబ్బాకు ఫోను ఆనించి వినినవే. ఒక చేత గరిటె, ఒక చేత పెన్సిలు. మా జట్టులో బీడీలు చుట్టుచు వినెడి యామె యొకతె యుండెను. ఉట్నూరు ఏజెన్సీలోని ఒక గూడెమునుండి అంగన్‌వాడీ టీచరు ఒకతె పాఠమున చేరెడిది. ఆమె యింట సిగ్నలు దొరకదు. గూడెము వెనుకనున్న గుట్టమీదికెక్కి, శాలువ కప్పుకొని, చీకటిలో కూర్చుండి వినెడిది. ఆమె ముఖము మాకెన్నడును సరిగా కనబడలేదు. కాని ప్రశ్నలడుగుటలో ఆమెను మించినవారు లేరు.

ఈ పాఠములలో ఒకనాడు సైన్యమునకు సంబంధించిన న్యాయమును గూర్చి చెప్పిరి. నా మనస్సు అందు నిలిచినది. సైన్యమునకు వేఱుగ చట్టములు కలవని నాకు తెలియును. ఆ చట్టములను చూచుటకు వేఱుగ వకీళ్లును కలరని అప్పుడే వివరముగా వింటిని. 1950 నాటి ఆర్మీ చట్టము ఆ సంవత్సరము జూలై 22వ తేదీనుండి అమలులోనున్నది. సైన్యమున జడ్జి అడ్వొకేట్ జనరల్ శాఖ యని యొక శాఖ కలదు. అందలి యధికారులు న్యాయశాస్త్ర పట్టభద్రులు. సేనాధిపతులకు చట్టవిషయమున సలహా యిచ్చుట, జనరల్ కోర్టు మార్షలు జరుగునపుడు దానికి హాజరై చట్టమెట్టిదో వివరించుట వారి పని. ఈ శాఖలో చేరువారు చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణాకళాశాలలో సైనికవిద్య నేర్తురు. సైనికన్యాయము నేర్పు విద్యాలయము నాగపూరు చెంతనున్న కామ్టీలో కలదు. ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు; నాగపూరు సుమారు 200 కిలోమీటర్లే. 44వ జాతీయరహదారిని ఉత్తరముగా పోయినచో, దేశపు సైనికన్యాయవిద్యకు ఆదిలాబాదు వాసులే మనలో దగ్గఱివారు!

ఈ శాఖలో స్త్రీలును కలరు. 2008లో ఈ శాఖలోను, విద్యాశాఖలోను స్త్రీలకు శాశ్వత కమీషను ఒసంగుటకు ప్రభుత్వము అంగీకరించినది. అయినను ఖాళీలను పురుషులకు 6, స్త్రీలకు 3 అని వేఱుచేసి ప్రకటించిన సందర్భమొకటి వచ్చినది. ఎన్నికైన పురుషులకంటె ఎక్కువ మార్కులు వచ్చియు, స్త్రీల వాటా చిన్నదగుటచే చోటు దొరకని యువతులు సుప్రీముకోర్టుకు పోయిరి. 2025 ఆగస్టు 11వ తేదీన ఆ న్యాయస్థానము, స్త్రీపురుషుల కిట్లు వేర్వేరు వాటాలు కట్టుట చెల్లదనియు, అందఱకు ఒకే యోగ్యతాక్రమము ఉండవలెననియు తీర్పు చెప్పినది. మన కరీంనగరమునందును, ఆదిలాబాదునందును న్యాయశాస్త్రము చదువు ఆడపిల్లలు కలరు. వారి తల్లిదండ్రు లీ తీర్పు సంగతిని పిల్లలకు చెప్పవలెనని కోరుచున్నాను.

అయితే ఇచ్చట మనము బాగుగ గుర్తింపవలసిన భేద మొకటి కలదు. సైన్యపు న్యాయవాది సైన్యమునకు న్యాయవాది. పల్లెలో సైనికుని భార్యమీద పాలివారు దావా వేసినచో ఆయన వచ్చి మన మున్సిఫు కోర్టులో నిలువడు. అమెరికా దేశమున సైన్యపు న్యాయశాఖవారే సైనికుని కుటుంబమునకు వీలునామాలు, అధికారపత్రములు మున్నగువానిలో సాయము చేయుదురు. ఆ యేర్పాటు రెండవ ప్రపంచయుద్ధ కాలమునుండి యున్నది. పారా లీగల్ పని అచ్చట సైన్యములోనే యొక యుద్యోగము. వర్జీనియా రాష్ట్రమున షార్లట్స్‌విల్ పట్టణమందున్న సైనికన్యాయ విద్యాలయమువారు, దూరదేశములలోనున్న తమ న్యాయవాదులకును, పారా లీగల్ ఉద్యోగులకును అంతర్జాలముద్వారా పాఠములు చెప్పుదురు. ఓడలో నున్నవాడును, ఎడారిలో నున్నవాడును ఒకే పాఠము వినగలరు. మనదేశమున సైనికుని యింటికి ఆ సాయము జిల్లా న్యాయసేవాధికార సంస్థద్వారా రావలెను. కావున ఆ పాఠమును వినవలసినది మన పల్లెలోని స్త్రీయే.

ఆ పాఠము నిజముగా పనికివచ్చిన సందర్భ మొకటి చెప్పెదను. మా మండలమున ఒక జవాను భార్య కలదు. వయస్సు ఇరువది యేడు, ఇద్దఱు బిడ్డలు. ఆమె భర్త ఉత్తరపు సరిహద్దున నుండెను. వారికి రెండెకరముల పొలము. ప్రక్క పొలము పాలివారిది. హద్దురాళ్ల విషయమున తగవు వచ్చి, ఆ పాలివారు భార్యాభర్త లిరువురిమీదను దావా వేసిరి. సమను ఇంటికి వచ్చినది. ఒకనాటి సాయంకాలము ఆమె కొంగుచాటున ఆ కాగితము పెట్టుకొని మా యింటికి వచ్చినది.

“అక్కా, ఇది వచ్చి పందొమ్మిది దినాలైంది. ఆయన ఛుట్టీ మీద వచ్చినంక చూస్తడని పెట్టెల పెట్టిన” అనినది.

“పెట్టెల పెడితే గడువు ఆగదు, చెల్లె” అంటిని.

సమను చేరిన నాటినుండి 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. కోర్టువారు కారణము విని గడువు పెంచవచ్చును గాని, అదియును 90 దినములలోపలనే యనుట సామాన్య నియమము. ఎవరును హాజరు కానిచో వాదియొక్క మాట మాత్రము విని తీర్పు చెప్పవచ్చును. దానిని ఎక్స్ పార్టీ డిక్రీ యందురు. జవానుకు సెలవు రెండు మాసములవఱకు లేదు. గడువులో మిగిలినవి 11 దినములు. ఆ రెండెకరములే వారి యిల్లు నిలుపు ఆధారము. జవాను జీతములో సగము తండ్రి వైద్యమునకే పోవుచుండెను.

నా నోటుపుస్తకము తీసి చూచితిని. తెరమీది పాఠమున వకీలుగారు మూడు సంగతులు చెప్పియుండిరి. మొదటిది: 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో 28వ ఆర్డరు సైనికుల దావాలకే ప్రత్యేకింపబడినది. సెలవు దొరకని సైనికుడు తనకు మాఱుగా దావా నడుపుటకుగాని, ఎదుర్కొనుటకుగాని ఎవరినైనను నియమింపవచ్చును. ఆ నియామకపత్రముపై తన కమాండింగు ఆఫీసరు ఎదుట సంతకము చేయవలెను. ఆ యధికారియు దానిపై సంతకము చేయును. పిదప దానిని కోర్టులో దాఖలు చేయవలెను. అట్లు నియమింపబడిన మనిషి భార్య కావచ్చును. ఆమె తానే నడుపవచ్చును, లేదా వకీలును పెట్టవచ్చును.

రెండవది: 1925లో చేయబడిన ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టము. ఇది నేటికి నూఱేండ్లు దాటినది. యుద్ధకాలమునగాని, ప్రత్యేక పరిస్థితులలోగాని సేవచేయుచున్న సైనికుడు కోర్టుకు రాజాలనపుడు, ఆ వ్యవహారమును నిలిపియుంచుటకు ఇది వీలు కల్పించును. సైనికుని స్వస్థలపు కలెక్టరు ఆ సంగతిని కోర్టువారికి ధ్రువపఱచి తెలుపవచ్చును. సైనికుడు లేనప్పుడు అతనికి వ్యతిరేకముగా పుట్టిన డిక్రీని రద్దుచేయించుకొను మార్గమును ఇందు చెప్పబడినది. మూడవది: ఆర్మీ చట్టపు 32వ సెక్షను. దావా పనికై సెలవు ఇచ్చితిమని సైన్యాధికారులు వ్రాసియిచ్చిన పత్రమును చూపినచో, ఆ సెలవులోపలనే విచారణ ముగియునట్లు కోర్టువారు సాధ్యమైనంతవఱకు ఏర్పాటు చేయవలెను.

మఱునాటి యుదయముననే యిద్దఱమును కరీంనగరము పోయితిమి. స్త్రీయగుటచే ఆమెకు ఉచితముగా వకీలు నియమింపబడిరి. ఆయన నియామకపత్రపు నమూనా వ్రాసి యిచ్చిరి. దానిని ఫోనున జవానుకు పంపితిమి. అతడు కమాండింగు ఆఫీసరు ఎదుట సంతకముచేసి, ఆ యధికారి సంతకముతో తపాలాలో పంపెను. ఆ కవరు వచ్చువఱకు ఆమెకు నిద్రలేదు, నాకును లేదు.

కాని కష్టమంతయు అచ్చట లేదు. ఇంటిలోనుండెను. ఆమె మామగారు వృద్ధులు, మంచివారు. ఆయన అరుగుమీద కూర్చుండి, “ఆడిది కచేరి మెట్లెక్కుడేంది? నలుగురు నవ్వరా?” అనిరి. ఈ ప్రశ్నకు జవాబు తెరమీది పాఠములో లేదు. చట్టము చెప్పితిని, ఆయన వినలేదు. చివరకు, “బాపూ, మీ కొడుకు రాలేని తావుకే గదా ఆమె పోతున్నది. ఆయన పని ఆమె చేస్తున్నది. నవ్వేటోళ్లు మీ పొలానికి కావలి ఉంటరా?” అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట లోనికి పోయి, పాత పహాణీ నకళ్లు, శిస్తు రసీదులు కట్టియుంచిన గుడ్డమూట తెచ్చి కోడలి చేతిలో పెట్టిరి. ఆ మూట మాకు దొరకుట వకీలుగారికి ఎంత బలమైనదో తరువాత తెలిసినది.

జవాబు గడువులోపల దాఖలైనది. దావా యింకను నడుచుచున్నది. “గెలిచినవాడు ఇంటికి పోయి యేడ్చెను, ఓడినవాడు కోర్టులోనే యేడ్చెను” అని మనవారు సామెత చెప్పుదురు. ఆ సామెతలో నిజము కలదు. కావున రాజీకి వీలున్నచో లోక్ అదాలతులో రాజీపడుటయే మేలని వకీలుగారును సలహా యిచ్చిరి. కాని రాజీ మాటలాడవలెనన్నను, ముందు పొలము చేతిలో నుండవలెను గదా! ఎక్స్ పార్టీ డిక్రీ పుట్టిన పిమ్మట రాజీకి ఎవరు పిలుతురు? ఇప్పుడామె వాయిదాలకు తానే పోవుచున్నది. ఈ-కోర్ట్స్ అను ఫోను సాధనమున కేసు సంఖ్య నొక్కి తరువాతి తేదీని తానే చూచుకొనుచున్నది.

ఇక రెండవ సంగతి ఉట్నూరు టీచరు చెప్పినది. 2016లో పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైన పిమ్మట కొందఱికి కచేరీలు దగ్గఱైనవి. కాని కాగితములలోని చిక్కులు అట్లే యున్నవి. ఆమె యెఱిగిన యొక విశ్రాంత సైనికుని భార్యకు, భర్త మరణించిన తరువాత కుటుంబ పింఛను రాలేదు. కారణ మేమన, సైన్యపు రికార్డులో పుట్టింటివారు పెట్టిన పేరు, ఆధారు కార్డులో అత్తవారింట పిలిచిన పేరు. రెండు పేర్లుగల యొక మనిషి కచేరీవారి దృష్టిలో ఇద్దఱు మనుష్యులు. ఆ వృద్ధురాలికి గోండి తప్ప మఱియొక భాష సరిగా రాదు. తెలుగున అడిగినవారికి తలయూచి ఊరకుండెడిది. తలయూచినది గదా, అర్థమైనదని వారనుకొనెడివారు. మా టీచరు గుట్టమీద వినిన పాఠమును ఆమె గడపలో గోండిలో చెప్పినది. రెండు పేర్లును ఒకే మనిషివని ప్రమాణపత్రము వ్రాయించి, గ్రామపెద్దల సాక్ష్యముతోను, పెండ్లినాటి ఆధారములతోను సైనిక సంక్షేమ కార్యాలయముద్వారా రెజిమెంటు రికార్డు ఆఫీసుకు పంపించినది. ఎనిమిది మాసములకు పింఛను వచ్చినది. ఆ ఎనిమిది మాసములు ఆ వృద్ధురాలు రేషను బియ్యముతో గడపినది.

ఈ రెండు సంగతులవలన నాకు తెలిసిన దేమన: తెరమీద చట్టము నేర్చుకొనవచ్చును, మనిషిని చదువుట నేర్చుకొనజాలము. మామగారు అరుగుమీద నున్నంతసేపు కోడలు నిజము చెప్పదు. ఆమెను బావికడకుగాని, గుడికడకుగాని తీసికొనిపోయి అడుగవలెను. పాఠమున “ప్రతివాది” యని చెప్పుదురు. ఇంటిలో “నీ మీద కేసు వేసినరు” అని చెప్పవలెను. విధవరాలియొద్ద కాగితములు అడుగుటకు ముందు ఆమె కన్నీరు ఆగువఱకు కూర్చుండవలెను. అందుచే, పాఠములు తెరమీద జరిగినను, మాసమున కొక దినమైనను శిక్షణపొందు స్త్రీలు ఒకచోట కూడి, అనుభవముగలవారి వెంట నాలుగిండ్లు తిరుగవలెనని నా అభిప్రాయము. అయినను తెరను నిందింపను. అది లేనిచో గుట్టమీది టీచరుకు ఈ విద్య చేరెడిదే కాదు.

చదువరులలో సైనికుల తల్లులును, భార్యలును, అక్కచెల్లెండ్రును ఉందురు. వారికొఱకు కొన్ని సంగతులు విడిగా చెప్పెదను. భర్త సెలవుమీద వచ్చినపుడు, పండుగ వంటలు ముగిసిన తరువాత, ఒక పూట కాగితములకు కేటాయింపుడు. ఆయన సైనిక సంఖ్యయు, రెజిమెంటు రికార్డు ఆఫీసు చిరునామాయు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. పెండ్లియు, పిల్లల జననమును సైన్యమున పార్ట్ టూ ఆర్డరు అనుదానియందు ప్రకటింపబడవలెను. అది జరిగినదో లేదో, అందులో మీ పేరు ఆధారు కార్డునందున్నట్లే యున్నదో లేదో అడిగి తెలిసికొనుడు. అక్షరము తేడాయున్నను భర్త సేవలో నున్నపుడే సరిదిద్దించుకొనుట సులభము. బ్యాంకు ఖాతా యిద్దఱి పేర నుంచుట మేలు.

పింఛనుల భేదమును తెలిసికొనుట మఱింత అవసరము. సామాన్య కుటుంబ పింఛను చివరి జీతములో 30 శాతము. సైనిక సేవ కారణముగా మరణము కలిగినచో ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతము. యుద్ధమున మరణించినవాని కుటుంబమునకు వచ్చు ఉదార కుటుంబ పింఛను చివరి జీతమంతయు. కావున మరణకారణమును గూర్చి అధికారులు వ్రాసిన యొక్క మాట ఒక యింటి యన్నమును సగము చేయగలదు. దుఃఖములో నున్నదానికి ఆ మాటను చదువు ఓపిక యుండదు. ప్రక్కనున్న మనమే చదివి చెప్పవలెను. నిర్ణయము తప్పని తోచినచో అప్పీలు చేయుటకు మార్గము కలదు. 2007 నాటి చట్టము క్రింద 2009లో సాయుధదళముల ట్రిబ్యునలు పని ప్రారంభించినది. తెలుగువారి వ్యాజ్యములు నాడు చెన్నై పీఠమునకు చేర్చబడినవి. పింఛను పుచ్చుకొనువారు సంవత్సరమున కొకసారి జీవించియున్నట్లు ధ్రువపఱచుకొనవలెను. రక్షణశాఖ పింఛనులు స్పర్శ్ అను అంతర్జాల పద్ధతిలోనికి మార్చబడినవి. ఈ పేరు చెప్పి ఎవరైన ఫోనుచేసి ఓటీపీ అడిగినచో చెప్పకుడు. నిజమైన కచేరీవారు ఆ సంఖ్య నడుగరు.

భర్తనుండి పోషణ అందని స్త్రీకిని ఆర్మీ చట్టమున మార్గము కలదు. భార్యాబిడ్డల పోషణకై ప్రభుత్వాజ్ఞపై జీతమునుండి కొంత మొత్తము తీసియిచ్చుటకు 90, 91 సెక్షనులు వీలు కల్పించుచున్నవి. వీరుని భార్యయైనంతమాత్రమున ఆకలి తప్పునా? ఇట్టి సంగతి చెప్పుకొనుట సైనికునికి అవమానమని యెంచి ఊరకుండు స్త్రీలను నేనెఱుగుదును. అవమానము అడుగుటలో లేదు.

ప్రభుత్వమువారును, న్యాయస్థానములవారును ఈ లోపమును గుర్తించుచున్నారు. 2025 జూలై 26వ తేదీన, కార్గిల్ విజయ దినమున, జాతీయ న్యాయసేవాధికార సంస్థవారు శ్రీనగరమున వీర పరివార సహాయతా యోజనను ప్రారంభించిరి. కేంద్ర, రాష్ట్ర, జిల్లా సైనిక బోర్డులలో న్యాయసేవా కేంద్రములను నెలకొల్పి, సైనికులకును, విశ్రాంత సైనికులకును, వారి కుటుంబములకును వకీళ్లద్వారాను, పారా లీగల్ వాలంటీర్లద్వారాను ఉచితముగా సాయము చేయుట దీని ఉద్దేశము. పథకము మంచిది. కాని కేంద్రము జిల్లా పట్టణమున నుండును. సమను పల్లెలో నుండును. ఈ రెంటిని కలుపు మనిషి లేనిచో పథకము గోడమీది బోర్డుగా మిగులును.

ఆ మనిషి సైనికుని యింటినుండియే వచ్చిన నెంత బాగుండును! “ఛుట్టీ” యనిన నేమో, “పోస్టింగు” అనిన నేమో, ఫోను మ్రోగని రాత్రి యెట్టిదో ఆమెకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆమె వకీలు కానక్కఱలేదు; పెద్ద చదువును అక్కఱలేదు. చదువను వ్రాయను వచ్చియుండి, ఒకరి రహస్యము మఱియొకరికి చెప్పని గుణము, పైకమునకు ఆశపడని మనస్సు ఉండిన చాలును. తక్కినది నేర్పుటకు న్యాయసేవాధికార సంస్థవారున్నారు. ఇప్పుడు వారి పాఠములు వంటయింటికే వచ్చును.

కావున సోదరీమణులారా, మీ యూరిలో సైనికుల యిండ్లు ఎన్ని కలవో లెక్కింపుడు. అందొక చదువుకొన్న కోడలిని గాని, కూతును గాని ఎన్నుకొని, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టింపుడు. ఆమె పాఠము విను గంటసేపు ఇంటిపని మీరు పంచుకొనుడు. అంతవఱకు ఎవరి యింటికైన కోర్టు కాగితము వచ్చినచో పెట్టెలో పెట్టనీయకుడు. 15100 అను సంఖ్యకు ఫోను చేయింపుడు. ఆ పిలుపునకు ఖర్చు లేదు.